ఆ ఆదివారం ఆ పాటే ఎందుకు?

ఈమధ్య ఒక చర్చిలో క్వయర్ (పాడే బృందం) వాళ్ళు రాబోయే నెలలకి వేసుకున్న పాటల లిస్టు చూశాను. తీసి పక్కన పెట్టేది ఒక్కటీ లేదు. పెద్ద స్వరకర్తల్లో పాలెస్ట్రీనా ఉన్నాడు, టాలిస్ ఉన్నాడు, మెండెల్సన్ ఉన్నాడు, ఆర్గన్‌కి బాఖ్, విడోర్, అన్నీ మంచివే. కానీ తేదీలు చెరిపేసి పాటల్ని అటూఇటూ మార్చేస్తే ఎవరూ కనిపెట్టలేరు. లెంట్‌లో, అంటే ఈస్టర్‌కి ముందు నలభై రోజుల శ్రమకాలంలో, రెండో ఆదివారం పాట తీసుకెళ్ళి ఈస్టర్ తర్వాత పెట్టినా ఏ తేడా రాదు. తయారుచేసినాయన్ని అడిగితే "క్వయర్‌కి వచ్చినవి, జనానికి నచ్చేవి వేశామండీ, ఇంకేం చూడాలి?" అన్నారు. కోపంగా అన్లేదు, నిజంగానే అడిగారు. దానికి అప్పుడు నేను చెప్పిన జవాబు చాలా పొట్టిది, ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నేననేది ఒక్కటే. పాట ఎంచుకునే మనిషి ముందు ఆ రోజు చదవబోయే వాక్యభాగాలు తెరిచి, అన్నీ చదివి, వాటితో కాసేపు కూర్చుని, ఆ తర్వాతే పాటల బీరువా తెరవాలి. ఇది వింటే ఎవరూ కాదనరు, చేసేవాళ్ళు మాత్రం తక్కువ. చాలాచోట్ల వరస తిరగబడి ఉంటుంది. ముందు పాట ఖాయమైపోతుంది, ప్రాక్టీసు మొదలైపోతుంది, ఆదివారం పొద్దున పాస్టరుగారు వాక్యం చదువుతుంటే క్వయర్‌లో కూర్చున్నవాళ్ళు అదేంటో అప్పుడే మొదటిసారి వింటారు.

1723లో జర్మనీలోని లైప్‌జిగ్‌కి చర్చి సంగీతం నడపడానికి వచ్చాక బాఖ్ ఆదివారం ఆదివారం చేసిన పని ఏంటో చూడండి. ఆ రోజు సువార్త ఏదో దాన్ని పట్టుకుని కాంటాటా (వాయిద్యాలతో పాడే పాటల వరస) ఉండేది, సువార్త చదవడం అయ్యాక ప్రసంగానికి ముందు పాడేవాళ్ళు, రెండు భాగాలుంటే రెండోది ప్రసంగం తర్వాత. ప్రసంగం చేసే పనిలో సంగీతానికి కూడా వాటా ఉండేదన్నమాట. ఇంకో సంగతి, అక్కడ అడ్వెంట్ (క్రిస్మస్‌కి ముందు వారాలు) మొదటి ఆదివారం అయిపోతే మళ్ళీ క్రిస్మస్ దాకా కాంటాటాలు లేవు, లెంట్‌లో కూడా దాదాపు లేనట్టే. అంత శక్తి ఉన్న మనిషి చేతిలో ఉండి, పాడేవాళ్ళు ఉండి, వాయించేవాళ్ళు ఉండి, కాలం ఒప్పుకోదు కాబట్టి మానేసేవాళ్ళు. మనం మాత్రం క్వయర్ ఖాళీగా కూర్చుంటే బాగోదని ఏదో ఒకటి పెట్టేస్తాం.

ఇంగ్లీషు స్వరకర్త బర్డ్ సంగతి ఇంకా గట్టిది. ఇంగ్లండులో కేథలిక్ ఆరాధన నిషేధంలో ఉన్న రోజుల్లో, ఇళ్ళల్లో తలుపులేసుకుని చేసుకునే పూజల కోసం, సంవత్సరంలో వచ్చే పండగలకి ఏ రోజు మాటలు ఆ రోజుకి సరిపోయేట్టు స్వరపరిచి గ్రాడువాలియా అని 1605లో ఒకటి, 1607లో ఒకటి అచ్చు వేయించాడు. పవిత్రమైన మాటల మీద మనసు పెట్టి ఆలోచించేవాడికి తగిన స్వరాలు వాటంతటవే వస్తాయని దాని ముందుమాటలో రాసుకున్నాడు. పట్టుబడితే ప్రమాదం అని తెలిసి కూడా "ఈ పండగకి ఈ మాటలే" అని పట్టుబట్టిన మనిషి. మనకి ఏ ప్రమాదమూ లేదు, తీరికే లేదు.

పదం కలిస్తే సరిపోదు

ఇక్కడ ఒక చిక్కు ఉంది, వాక్యం చూసి ఎంచుకుంటాం అనేవాళ్ళలో కూడా చాలామంది ఇందులోనే పడతారు. వాక్యంలో గొర్రెలు కనిపిస్తే 23వ కీర్తన. వెలుగు అనే మాట వస్తే వెలుగు పాట. సముద్రం వస్తే తుఫాను పాట. దీన్ని నేను ఎంపిక అనను, ఇండెక్స్ చూసి కలపడం అంతే.

ఒక ఉదాహరణ చెప్తాను. మూడేళ్ళ లెక్షనరీలో, అంటే ఏ ఆదివారం ఏ వాక్యం చదవాలో చెప్పే పట్టికలో, మూడో సంవత్సరం ఎపిఫనీ (జనవరి మొదట్లో వచ్చే పండగ) తర్వాత అయిదో ఆదివారం లూకా 5వ అధ్యాయం వస్తుంది, రాత్రంతా కష్టపడినా ఒక్క చేప పడలేదు, ప్రభువు మాట మీద మళ్ళీ వల వేస్తే వలలు పిగిలిపోయేన్ని పడ్డాయి, ఆ కథ. ఇండెక్స్ పద్ధతిలో వెళ్తే పడవ పాటో, "నన్ను వెంబడించండి" పాటో దొరుకుతుంది, అవీ తప్పు కాదు. కానీ ఆ భాగం నిదానంగా చదివితే మధ్యలో పేతురు మోకాళ్ళ మీద పడి, నేను పాపాత్ముణ్ణి, నన్ను విడిచి వెళ్ళిపో ప్రభువా అంటాడు. చేపలు దొరికినందుకు సంతోషపడాల్సిన మనిషి భయపడిపోయాడు. అదే రోజు పాత నిబంధన భాగం యెషయా 6, అక్కడ ప్రవక్త సెరాపులు అనే దేవదూతల పాట విని, అయ్యో నేను అపవిత్రమైన పెదవులున్నవాణ్ణి, నశించిపోయాను అంటాడు. ఆ రెండు భాగాలూ ఒకే రోజుకి ఊరికే పెట్టలేదు. పరిశుద్ధత దగ్గరికి వస్తే మనిషికి ఏమవుతుంది అన్నదే ఆ ఉదయం అంతా. అది పట్టుకుంటే పాట మారిపోతుంది. పడవ పాట పక్కకి వెళ్ళిపోయి, పాపం ఒప్పుకునే 51వ కీర్తన మీద ఉన్నదేదో ముందుకొస్తుంది, లేదా సెరాపుల మాటలైన "పరిశుద్ధుడు పరిశుద్ధుడు" అన్న భాగాన్ని ఆ రోజు మామూలుగా చదివేసి వదలకుండా బాగా పాడదాం అనిపిస్తుంది. బీరువా అదే, క్వయర్ అదే, వాక్యాన్ని ఇంకో రెండు నిమిషాలు చదివారంతే.

వాక్యంలో ఏ మలుపు ఉందో చూడాలి అనేది అందుకే. కొన్ని భాగాలు భయంతో మొదలై ఊరటతో అయిపోతాయి, కొన్ని ప్రశ్నతోనే ఆగిపోతాయి. ప్రశ్నతో ఆగిన భాగం తర్వాత వెంటనే పెద్ద హల్లెలూయ పాడేస్తే ఆ ప్రశ్నని మనమే నోరు నొక్కేసినట్టు.

ఎక్కడ పాడతామో అది కూడా ఎంపికే. అదే పాట వాక్యం తర్వాత ఒకలా, ప్రభురాత్రి భోజన సంస్కారం అప్పుడు ఒకలా వినపడుతుంది. టాలిస్ చేసిన చిన్న యాంథమ్ (క్వయర్ పాడే గీతం) ఒకటుంది, మీరు నన్ను ప్రేమిస్తే నా ఆజ్ఞలు గైకొంటారు అనే యోహాను 14 మాటలు, నాలుగు గొంతులు, రెండు నిమిషాల పైమాట. పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు రోజున సువార్త చదవగానే పాడితే, ఆదరణకర్తని పంపుతానన్న మాట చెవిలో ఇంకా ఉండగానే మళ్ళీ వినపడుతుంది. దాన్నే కానుకలు పట్టేటప్పుడు పెడితే నాణేల చప్పుడులో కలిసిపోతుంది. నేను చూసిన ఒక ఆరాధనలో కానుకలు ఎత్తడం అయిపోయింది, పళ్ళేలు పట్టుకున్నవాళ్ళు ముందుకొచ్చి నిలబడ్డారు, పాస్టరుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు, క్వయర్ పాట ఇంకా మూడో వంతు కూడా కాలేదు. బాగా పాడుతున్నారు పాపం, కానీ జనం చూపంతా పళ్ళేల మీదే ఉంది. పదో పయస్ పోపు 1903 నవంబరు 22న సంగీతం మీద ఇచ్చిన ఆదేశంలో, పాట కోసం పూజ చేసే గురువుని బలిపీఠం దగ్గర నిలబెట్టి ఎదురుచూపించకూడదని స్పష్టంగా రాశాడు. చదివితే చిన్న విషయంలా ఉంటుంది కానీ సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

ఈ గొడవ పాతదే. 1706లో ఆర్న్‌స్టాట్‌లో కుర్ర ఆర్గనిస్టు బాఖ్‌ని చర్చి పెద్దలు పిలిచి కీర్తనల మధ్యలో వింత వింత స్వరాలు కలిపేస్తున్నావు, సంఘం గందరగోళపడుతోంది అని మందలించారు. అంతకు ముందు బాగా పొడుగ్గా వాయించేవాడట, అది చెప్తే మరీ పొట్టిగా వాయించడం మొదలుపెట్టాడట. బాఖ్ కాబట్టి మనందరం బాఖ్ వైపే ఉంటాం. నేను మాత్రం ఆ పెద్దల వైపు కూడా కొంచెం ఉన్నాను. పాడటానికి నోరు తెరిచిన సంఘానికి స్వరం దొరక్కపోతే ఆ వాయింపు ఎంత గొప్పదైనా ఆ నిమిషానికి అడ్డమే.

ఆర్గన్‌కి మాటలుండవు కదా

ఇది ఆర్గనిస్టులు అడిగే మాట, న్యాయమైన మాట. యాంథమ్‌కి సాహిత్యం ఉంది, వాక్యంతో కలపొచ్చు. ఫ్యూగ్ లాంటి మాటల్లేని రచనని ఏ వాక్యంతో కలుపుతారు?

దీనికి పాతకాలపు జవాబు కోరల్ ప్రిల్యూడ్. సంఘానికి తెలిసిన కీర్తన రాగాన్ని తీసుకుని దాని మీద అల్లడం. బాఖ్ ఆర్గన్ పుస్తకం ఓర్గెల్‌బ్యుఖ్లైన్‌ని చర్చి సంవత్సరం వరసలోనే వేసుకున్నాడు, 164 కీర్తనలకి పేర్లు రాసి పెట్టుకున్నాడు, పూర్తయినవి 46. అడ్వెంట్, క్రిస్మస్, శ్రమకాలం, ఈస్టర్, అలా వెళ్తుంది. అందులో ఓ మనిషీ నీ ఘోర పాపానికి ఏడువు అనే కీర్తన మీద చేసినది ఉంది, చివర్లో చాలా నిదానించి, అసలు ఊహించని సి ఫ్లాట్ కార్డ్ ఒకటి వస్తుంది, మాట లేకుండానే గుండె పట్టేస్తుంది.

కానీ ఇందులో ఒక షరతు ఉంది, దాన్ని మర్చిపోతున్నాం. రాగం వినగానే మాటలు గుర్తొస్తేనే ఆ పద్ధతి పనిచేస్తుంది. సంఘంలో ఎవరికీ ఆ కీర్తన తెలీకపోతే అది బాగున్న ఆర్గన్ ముక్క, అంతే. నాకు తెలిసిన ఒక ఆర్గనిస్టు ఈ ఇబ్బంది గమనించి చాలా మామూలు పని ఒకటి చేశారు. ఏ కోరల్ ప్రిల్యూడ్ వాయించాలనుకుంటే ఆ కీర్తనని ముందు రెండు వారాలు సంఘం చేతే పాడించారు, మూడో వారం వాయించారు. ఆ రోజు ముందు వరసలో పెద్దాయన ఒకాయన పెదవులు కదుపుతూ లోపల్లోపల పాడుకుంటున్నారు. ఆర్గన్‌కి మాటలుండవు అన్న ప్రశ్నకి నేను చూసిన మంచి జవాబు అదే.

రాగానికి జ్ఞాపకం ఎలా అంటుకుంటుందో చూడాలంటే శ్రమకాలంలో అందరూ పాడే ముళ్ళ కిరీటం కీర్తన రాగాన్ని చూడండి. జర్మన్ స్వరకర్త హాస్లర్ 1601లో దాన్ని ఒక ప్రేమ పాటకి కట్టాడు. తర్వాత మరణం గురించిన కీర్తనకి వాడారు, ఆ తర్వాత కీర్తనకారుడు గెర్హార్ట్ రాసిన ముళ్ళ కిరీటం మాటలు దానికి కుదిరి ఇక విడదీయలేనంతగా అతుక్కుపోయాయి, బాఖ్ మత్తయి శ్రమలు అనే తన పెద్ద రచనలో మళ్ళీ మళ్ళీ తెచ్చాడు. అదే మనిషి 1734లో క్రిస్మస్ ఒరటోరియో అనే ఇంకో రచనలో మొట్టమొదటి కోరల్‌కి (సంఘ కీర్తనకి) అదే రాగం పెట్టాడు, నిన్నెలా ఎదుర్కోను అనే మాటలకి. చివరి కోరస్‌లో కూడా అదే రాగం, బూరలతో. బాఖ్ మనసులో ఏముందో నేను చెప్పలేను కానీ ఇవాళ వినేవాళ్ళకి పశువుల తొట్టి దగ్గరే సిలువ తగులుతుంది. రాగం ఎంచుకోవడం అంటే దాన్ని అంటిపెట్టుకున్న జ్ఞాపకాలన్నీ ఎంచుకోవడమే. ప్రేమ పాటగా పుట్టింది కదా చర్చిలోకి ఎలా రానిస్తారు అని వాదించేవాళ్ళకి కూడా నేను ఈ రాగాన్నే చూపిస్తాను. కేథలిక్ చర్చి ట్రెంట్ మహాసభ 1562లో ఆర్గన్‌లో అయినా పాటలో అయినా అశ్లీలమైనది కలపకండి అంది, అది సరైన మాటే, కానీ ఎక్కడ పుట్టిందన్నది ఒక్కటే చూస్తే ఈ రాగం మనకి దక్కేది కాదు.

పోస్ట్‌ల్యూడ్ (ఆరాధన అయిపోయాక వాయించే ఆర్గన్ రచన) దగ్గర మాత్రం నాకు చాలామందితో పేచీ. దీవెన అయ్యాక ఎలాగూ జనం లేచిపోతారు, కబుర్లు మొదలవుతాయి, ఇక ఆర్గనిస్టు ఇష్టం అనుకుంటారు. విడోర్ 1879లో చేసిన అయిదో ఆర్గన్ సింఫనీలోని టొకాటా అనే భాగం నాకు చాలా ఇష్టం, ఈస్టర్ పొద్దున ఆ పెడల్స్ కింద నుంచి వస్తుంటే నేల అదురుతుంది, అలాగే ఉండాలి ఆ రోజు. దాన్నే లెంట్ మధ్యలో ఒక మామూలు ఆదివారం, పశ్చాత్తాపం మీద ప్రసంగం అయ్యాక వాయిస్తే విన్నాను. బాగా వాయించారు కూడా. కానీ అంతసేపూ మెల్లగా లోపలికి దిగిన వాక్యం మొత్తం గుమ్మం దాటకముందే ఊడ్చుకుపోయింది. కేథలిక్ చర్చి నియమాల్లో లెంట్‌లో ఆర్గన్‌ని పాటకి ఆసరాగా మాత్రమే వాడాలని ఉంది, నాలుగో ఆదివారం, పెద్ద పండగలు మినహాయింపు. ఆ నియమం అందరూ పాటించనక్కర్లేదు, కానీ దాని వెనక ఉన్న తెలివి అందరికీ పనికొస్తుంది. నలభై రోజులు ఆకలితో ఉంచిన చెవికి ఈస్టర్ ఆర్గన్ వేరేగా వినపడుతుంది.

చిన్న క్వయర్ల సంగతి

"మీరు చెప్పేదంతా కేథడ్రల్స్‌కి బాగుంటుంది, మా దగ్గర టెనర్ ఒక్కడే, అతనూ సగం వారాలు రాడు" అని ఎవరైనా అంటే నేను వాళ్ళ పక్షమే. వారం వారం వాక్యానికి తగ్గ కొత్త పాట నేర్చుకోవడం చిన్న క్వయర్‌కి అయ్యే పని కాదు.

కానీ వాక్యం ముందు అనే పద్ధతి చిన్న క్వయర్‌కే ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. గొప్ప పాటలు అనే లిస్టుతో మొదలుపెడితే చూపు పెద్దవాటి మీదికే పోతుంది. 51వ కీర్తనకి అల్లెగ్రి కట్టిన మిసెరేరే పాడాలని ఒక క్వయర్ వాళ్ళు నెలల తరబడి కష్టపడటం చూశాను, తొమ్మిది గొంతుల పాట, రెండు గుంపులు, ఆ పై స్వరం అందుకునే సొప్రానో వాళ్ళకి లేదు. లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం రోజున అందరూ ఆ స్వరం వస్తుందా రాదా అని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. 51వ కీర్తన ఎవరికి వినపడింది? అదే కీర్తనని ఒక్క స్వరం మీద, వచనం వచనం, ఇటు సగం అటు సగం పాడి ఉంటే ప్రతి మాటా వినపడేది.

చిన్నవాళ్ళ కోసమే రాసిన గొప్పవి చాలా ఉన్నాయి. మొజార్ట్ 1791 జూన్‌లో చేసిన ఆవే వేరుమ్ కోర్పుస్ 46 బార్లు, బాడెన్‌లోని ఒక క్వయర్ మాస్టర్ కోసం, క్రీస్తు శరీర రక్త పండగకి రాసిచ్చాడు. సంస్కారం దగ్గర పాడటానికి అంతకంటే ఏం కావాలి? బర్డ్ మూడు గొంతుల మాస్ (పూజ పాటలు) కూడా కొద్దిమంది పాడేదే. ఇక ఉన్న పదిహేను ఇరవై పాటల్నే ఏటా ఆయా రోజులకి తిప్పి పాడితే తప్పేమీ లేదు. ఏటా గుడ్ ఫ్రైడేకి అదే పాట వస్తే, పదేళ్ళకి ఆ పాట వినగానే ఆ రోజు గుర్తొచ్చే స్థితి వస్తుంది. కొత్తది లేదని బాధపడేది క్వయర్ మాత్రమే, సంఘం కాదు.

నాకున్న అనుమానాలు

ఎంచుకోవడం మీద ఇంత రాశాను కానీ లోపల రెండు అనుమానాలు తిరుగుతూనే ఉంటాయి.

మొదటిది, అనుకోకుండా తగిలేవి. ఏ సంబంధమూ లేకుండా పెట్టిన పాట విని ఒకావిడ ఏడ్చేసింది, వాళ్ళమ్మ ఎప్పుడూ పాడుకునేదట. ఆ రోజు వాక్యంతో ఆ పాటకి ఏ పొత్తూ లేదు. అలాంటిది చూశాక మన ప్లానింగ్ అంతా ఎందుకు అనిపిస్తుంది. దేవుడు దేన్నైనా వాడుకుంటాడు, నిజమే, దానికి నా దగ్గర ఎదురు వాదన లేదు. కాకపోతే అది మన చేతిలో లేనిది, వాక్యం చదివి ఎంచుకోవడం మన చేతిలో ఉన్నది, చేతిలో ఉన్నదాన్ని వదిలేయడానికి చేతిలో లేనిది సాకు కాకూడదు.

రెండోది ఇంకా లోతైనది. సంగీతాన్ని వాక్యానికి ఇంతగా కట్టేస్తే చివరికి సంగీతం అక్కర్లేదనే దాకా పోవచ్చు. స్విట్జర్లాండ్ చర్చి సంస్కర్త జ్వింగ్లీ అక్కడికే వెళ్ళాడు, స్వయానా మంచి సంగీతకారుడు, అయినా జూరిక్‌లో ఆరాధనలోంచి పాటనీ ఆర్గన్‌నీ తీసేశారు, 1527లో అక్కడి గ్రోస్‌మ్యూన్‌స్టర్ చర్చిలో ఆర్గన్‌ని పీకేశారు. వాక్యం ఒక్కటే చాలు అన్నదానికి అదీ ఒక ముగింపు. నేను అటు వెళ్ళను, ఎందుకంటే వాక్యమే పాడమంటోంది, 150వ కీర్తన నిండా వాయిద్యాలే. ఎటు తిరిగినా సంగీతానికి సొంత బలం ఒకటుంది, వాక్యం చెప్పినదాన్నే మళ్ళీ చెప్పడానికి కాదు, వాక్యం దగ్గర మనల్ని ఇంకాసేపు నిలబెట్టడానికి. రాగం లేకుండా చదివితే అర నిమిషంలో అయిపోయే వచనం దగ్గర పాట మనల్ని మూడు నిమిషాలు కూర్చోబెడుతుంది.

ఆ మూడు నిమిషాలు మనకి ఇష్టం లేని వచనం దగ్గర కూడా కూర్చోవాలి అన్నదే నా అసలు పట్టుదల. నచ్చినవి ఎంచుకుంటూ పోతే ఏ క్వయర్ అయినా స్తుతి, ఊరట, సంతోషం, ఈ మూడింటి మధ్యే తిరుగుతుంది. కీర్తనల గ్రంథం అలా లేదు, అందులో మొర పెట్టేవి బోలెడు. 88వ కీర్తన చీకటి అన్న మాట దగ్గరే అయిపోతుంది, చివర్లో కూడా వెలుగు రాదు. 1662 ఇంగ్లీషు ప్రార్థన గ్రంథంలో గుడ్ ఫ్రైడే సాయంత్రానికి 69తో పాటు దాన్నే పెట్టారు. ఇష్టాన్ని బట్టి ఎంచుకుంటే అది ఎప్పటికీ రాదు, వరసలో ఉంది కాబట్టి వస్తుంది. ఆ వారమే బిడ్డని పోగొట్టుకుని వచ్చి వెనక వరసలో కూర్చున్న మనిషికి మనం పాడగలిగింది సంతోష గీతాలేనా?

ఇంగ్లీషు స్వరకర్త పర్సెల్ చేసిన యాంథమ్ ఒకటి ఉంది, 102వ కీర్తన మొదటి వచనం ఒక్కటే, ప్రభూ నా ప్రార్థన ఆలకించు, నా మొర నీ దగ్గరికి రానివ్వు అని. ఎనిమిది గొంతులు ఒకదాని మీద ఒకటి చేరుకుంటూ ఒకే మొరని పైకి తోసుకుంటూ వెళ్తాయి, రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. ఎనిమిది గొంతులు లేనివాళ్ళు ఆ కీర్తనని ఒక్క స్వరం మీద పాడుకోవచ్చు. పాడాక "ఇవాళ పాట ఏంటి ఇంత దిగులుగా ఉంది" అని ఎవరో ఒకరు అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. బులెటిన్‌లో పాట పేరు పక్కన ఆ రోజు వాక్యభాగం నంబర్ వేసి పెడితే కొంతమందికి అక్కడే తెలిసిపోతుంది. మిగతావాళ్ళు పాస్టరుగారిని అడిగినా, క్వయర్ మాస్టర్‌ని అడిగినా, ఆర్గనిస్టుని అడిగినా ఒకే జవాబు రావాలి, దానికి ముగ్గురూ నెల ముందే ఒక గంట కలిసి కూర్చుని ఆ వాక్యభాగాలు చదివి ఉండాలి.